కుక్కకు ఆపరేషన్ అన్నారా? లక్షణాలు గుర్తుపట్టడం నుంచి కుట్లు విప్పేదాకా ఏం చేయాలి

కుక్కలు పెంచేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఒక్కటే: "డాక్టర్ ఆపరేషన్ అంటున్నారు, రెండు రోజులు ఆగి చూద్దామా? మందులతో తగ్గదా?" జబ్బును బట్టి జవాబు మారుతుంది. కొన్నిటికి నెల ఆగినా నష్టం లేదు. కొన్నిటిలో తెల్లారేదాకా ఆగితే కుక్క దక్కదు.

బల్ల మీద జరిగేది డాక్టర్ పని. ఎంత త్వరగా తీసుకెళ్లారు, తర్వాత ఇంట్లో రెండు వారాలు ఎలా చూసుకున్నారు అన్నవి మీ పని. బాగా జరిగిన ఆపరేషన్లు కూడా ఈ రెండు చోట్లే దెబ్బతింటాయి. కాబట్టి ఇక్కడ ఎక్కువగా వాటి గురించే చెబుతాను.

ఇంట్లో ముందే ఉండాల్సినవి

- కుక్క కోసం విడిగా ఒక డిజిటల్ థర్మామీటర్, కొంచెం వ్యాజలీన్
- మెడకు సరిపోయే కోన్, అంటే కుట్లు నాకకుండా మెడ చుట్టూ తొడిగే గరాటు (అంచు ముక్కు కొన దాటి ముందుకు రావాలి)
- మూతికి తొడిగే మజిల్. ఎంత సాధువైన కుక్కయినా నొప్పిలో కరుస్తుంది. వాంతులవుతున్నా, ఆయాసపడుతున్నా మాత్రం మజిల్ వేయకండి
- పట్టుకుని నడిపించడానికి పొట్టి పట్టీ (లీష్), స్ట్రెచర్‌లా వాడుకోవడానికి గట్టి దుప్పటి
- రాత్రిపూట కూడా తెరిచి ఉండే వెటర్నరీ ఆసుపత్రి నంబరు, ఫోన్‌లో సేవ్ చేసి
- ఒక నోటు పుస్తకం

కుక్క హాయిగా ఉన్న రోజునే దాని మామూలు లెక్కలు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మలద్వారంలో చూసిన ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, అంటే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది. మనిషికి జ్వరం అనిపించే అంకె దానికి మామూలే. ఇది తెలియక అనవసరంగా టెన్షన్ పడేవాళ్లు చాలామంది. నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టండి, 30 లోపు ఉండాలి.

1. ఆగొచ్చా, ఆగకూడదా: ఐదు నిమిషాల్లో తేల్చుకోండి

పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటే కింది కనురెప్ప లోపలి వైపు చూడండి. పాలిపోయినట్టున్నా, నీలంగా ఉన్నా, ఇటుక రంగులోకి మారినా ఇంకేమీ పరీక్షించక్కర్లేదు, బయల్దేరండి.

రంగు బాగానే ఉంటే పొట్ట చూడండి. ఉబ్బిందా, ముట్టుకుంటే మూలుగుతోందా? ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోసింది? డోకులు వస్తున్నాయా, వస్తే నోట్లోంచి ఏమైనా పడుతోందా? తర్వాత జ్వరం చూడండి.

కింది ఐదింటిలో ఏది అనుమానమొచ్చినా రాత్రయినా సరే బయల్దేరాలి. దారిలో ఉండగానే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు సిద్ధంగా ఉంటారు.

కడుపు ఉబ్బి మెలిపడటం. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో ఎక్కువ. డోకు వస్తూనే ఉంటుంది కానీ నురగ, చొంగ తప్ప ఏమీ పడదు. ఒకచోట కూర్చోలేదు, పడుకోలేదు, తన డొక్కల వైపు తానే చూసుకుంటుంది. పక్కటెముకల వెనక పొట్ట డోలులా బిగుస్తుంది. ఛాతీ లోతుగా ఉండే కుక్కల్లో ఉబ్బు ఎముకల చాటున ఉండిపోయి మొదట్లో కనబడకపోవచ్చు. అందుకే ఉబ్బు కోసం ఎదురుచూడకండి, వాంతి పడని డోకు ఒక్కటి చాలు. డాక్టర్ ముందు సెలైన్ ఎక్కించి, గొట్టంతో గానీ సూదితో గానీ గ్యాస్ తీస్తారు. తర్వాత పొట్ట తెరిచి కడుపును యథాస్థానానికి తిప్పి, మళ్లీ మెలిపడకుండా పొట్ట గోడకు కుడతారు. గ్యాస్ తీయగానే కుక్క తేరుకున్నట్టు కనిపిస్తుంది. అప్పుడు "తగ్గిపోయింది కదా" అని ఇంటికి తెచ్చేసుకోవద్దు. మెలి అలాగే ఉంటుంది.

మూత్రం ఆగిపోవడం. మగకుక్కల్లో మూత్రనాళం పురుషాంగంలోని ఎముక దగ్గర ఇరుకుగా ఉంటుంది, మూత్రాశయంలోంచి జారిన రాయి సరిగ్గా అక్కడే ఇరుక్కుంటుంది. కాలెత్తి నిలబడి ముక్కుతుంది, చుక్కలు కూడా రావు. చూసేవాళ్లు మలబద్ధకం అనుకుంటారు. నిర్ధారించుకోవడానికి వెనక్కి వెళ్లి నిలబడకండి, పక్కనుంచి చూడండి: మూత్రం ధార పడుతోందా, లేదా? పూర్తిగా ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. డాక్టర్ సన్నని గొట్టంతో రాయిని వెనక్కి మూత్రాశయంలోకి నెట్టి, తర్వాత ఆపరేషన్ చేసి తీస్తారు. తీసిన రాయిని పరీక్షకు పంపమని తప్పకుండా అడగండి. స్ట్రువైట్ రాళ్లు ప్రత్యేక ఆహారంతో కరుగుతాయి, కాల్షియం ఆక్సలేట్ రాళ్లు కరగవు. మళ్లీ రాళ్లు కట్టకుండా ఏం పెట్టాలన్నది ఆ రిపోర్టును బట్టే ఉంటుంది.

గర్భసంచిలో చీము. గర్భసంచి తీయించని ఆడకుక్క, ఎద ముగిసి కొన్ని వారాలు అయింది, ఉన్నట్టుండి నీళ్లు విపరీతంగా తాగుతోంది, తిండి మానేసింది. ఈ మూడూ కలిస్తే చీము సంగతి ముందు గుర్తుకు రావాలి. కింది నుంచి చీము కారితే ఎలాగూ చూస్తారు. గర్భాశయ ద్వారం మూసుకుపోయిన రకంలో చుక్క కూడా బయటికి రాదు, ప్రమాదం ఎక్కువ దానిలోనే. స్కానింగ్‌లో తెలుస్తుంది. సెలైన్, యాంటీబయాటిక్స్‌తో నిలబెట్టి గర్భసంచి, అండాశయాలు తీసేయడమే అసలు చికిత్స. పిల్లలు కావాలనుకునే కుక్కలకు మందులతో ప్రయత్నించే పద్ధతి ఉంది గానీ, తర్వాతి ఎదలో తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ద్వారం మూసుకుపోయి కుక్క నీరసించి ఉంటే ఆ దారి వద్దు.

పేగుల్లో అడ్డు. సాక్సు, బంతి ముక్క, ఎముక, మొక్కజొన్న కంకి. తిన్నదంతా వాంతి చేస్తుంది, నీళ్లు కూడా నిలవవు. నోట్లో నుంచో మలద్వారం నుంచో దారం వేలాడుతుంటే లాగవద్దు. లోపల పేగు ఆ దారం మీద కుచ్చులు పడి ఉంటుంది, మీరు లాగితే దారం పేగును కోస్తుంది. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం కూడా ప్రమాదమే. ఎక్స్‌రేలో ప్లాస్టిక్, గుడ్డ ఒక్కోసారి కనిపించవు, కాబట్టి "ఎక్స్‌రే బాగానే ఉంది" అన్నాక కూడా వాంతులు ఆగకపోతే స్కానింగ్ అడగండి.

కాన్పు కష్టం. గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల రాకపోతే, ఇంకా పిల్లలున్నాయని తెలిసి రెండు గంటలు దాటినా తర్వాతిది రాకపోతే, మొదటి పిల్ల రాకముందే నల్లటి ఆకుపచ్చ ద్రవం కారితే వెంటనే వెళ్లాలి. ఇంట్లో నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇవ్వకండి. పిల్ల అడ్డం తిరిగి ఉంటే ఆ ఇంజెక్షన్‌తో గర్భసంచి చిరగొచ్చు.

2. ఆగొచ్చు, కానీ మరచిపోకూడనివి

చెవి డొప్ప నీటి బుడగలా ఉబ్బితే లోపల రక్తం చేరింది. తల విదిలించి విదిలించి చెవిలోని రక్తనాళం చిట్లుతుంది. సూదితో తీసి ఊరుకుంటే మళ్లీ నిండుతుంది. డాక్టర్ కోసి, రెండు పొరలూ అతుక్కునేలా కుట్లు వేస్తారు. అసలు దురద ఎందుకు వచ్చిందో, అంటే చెవిలో ఇన్ఫెక్షనో పురుగులో, దానికీ మందు వేయకపోతే రెండో చెవికీ ఇదే గతి.

కంటి మూలలో ఎర్రటి గింజలా బయటికి వచ్చేది మూడో రెప్ప గ్రంథి. కోసి పారేయమని అడగకండి. కన్నీళ్లలో గణనీయమైన భాగం అదే ఇస్తుంది. తీసేస్తే తర్వాత కన్ను ఎండిపోయి జీవితాంతం చుక్కల మందు వేయాల్సి రావచ్చు. లోపలికి మడిచి కుట్టే ఆపరేషన్ చేయించండి.

బొడ్డు హెర్నియా, అంటే పొట్ట గోడలోని సందులోంచి లోపలిది బయటికి ఉబ్బడం, మెత్తగా ఉండి నొక్కితే లోపలికి పోతుంటే తొందర లేదు. గట్టిపడినా, రంగు మారినా, నొప్పి పుట్టినా అది అప్పటికప్పుడు చూడాల్సిన కేసు. ముసలి మగకుక్కలకు మలద్వారం పక్కన వాపు వచ్చి మలవిసర్జనకు కష్టపడుతుంటే అక్కడి కండరాలు సడలి హెర్నియా వచ్చిందేమో చూపించండి. మూత్రాశయం అందులోకి జారితే మూత్రం ఆగుతుంది.

చన్ల దగ్గర గడ్డలు. దీని మీద కొంచెం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే "చిన్నదేగా" అని ఏడాది ఆగి తెచ్చేవాళ్లే ఎక్కువ. ఆడకుక్కల్లో వచ్చే ఈ గడ్డల్లో దాదాపు సగం క్యాన్సరే. నెలకోసారి కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నుంచి గజ్జల దాకా రెండు వరుసలూ వేళ్ల మధ్య నొక్కుతూ రండి. బఠాణీ గింజంత ఉన్నప్పుడే చూపించండి. ఆపరేషన్‌కు ముందు ఊపిరితిత్తులకు పాకిందేమో ఛాతీ ఎక్స్‌రే తీయాలి. తీసిన గడ్డను బయాప్సీకి, అంటే క్యాన్సరో కాదో తేల్చే ల్యాబ్ పరీక్షకు పంపాలి. డబ్బు మిగులుతుందని బయాప్సీ మానేస్తే తర్వాత ఏం ఎదురుచూడాలో ఎవరికీ తెలియదు. మొదటి ఎద రాకముందే గర్భసంచి, అండాశయాలు తీయించిన కుక్కల్లో ఈ గడ్డలు చాలా అరుదు.

వెనక కాలు కుంటుతూ, నిలబడ్డప్పుడు వేలి కొన మాత్రమే ఆనిస్తోందంటే మోకాలి ఎముకలను కలిపి పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంట్ తెగి ఉండొచ్చు. చిన్న కుక్కలకు బరువు తగ్గించి, విశ్రాంతినిస్తే కొంత ఫలితం ఉంటుంది, లేదా బలమైన దారంతో మోకాలిని బిగిస్తారు. పెద్ద కుక్కలకు ఎముక కోసి కోణం మార్చి ప్లేటు వేసే ఆపరేషన్ మేలు.

ఇక జననాంగాల మీద క్యాలీఫ్లవర్‌లా పెరిగి రక్తం కారే గడ్డ చూడగానే అందరూ కోత అనుకుంటారు. అది కలయికతో అంటుకునే కణితి అయితే విన్‌క్రిస్టీన్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్లతోనే సాధారణంగా కరిగిపోతుంది. కణాల పరీక్ష అయ్యేదాకా కోతకు ఒప్పుకోకండి.

3. ఒప్పుకునే ముందు డాక్టర్‌ను అడగాల్సినవి

ఆపరేషన్ కాకుండా ఇంకో దారి ఉందా, ఉంటే దాని నష్టమేంటి? రక్తపరీక్షలు ఏవి చేస్తున్నారు? ముఖ్యంగా ప్లేట్‌లెట్లు చూడమనండి. గోమార్ల వల్ల వచ్చే జ్వరాల్లో అవి పడిపోతాయి, అది తెలియకుండా కోస్తే రక్తం ఆగదు. మత్తులో ఉన్నంతసేపూ ఎవరు గమనిస్తారు? రాత్రి అక్కడే ఉంచితే మనిషి ఉంటారా? నొప్పి మందు ఎన్ని రోజులు?

మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి: వాడుతున్న ప్రతి మందు, పాత అలర్జీలు, ఆఖరి ఎద తేదీ, ఆఖరిసారి ఎప్పుడు తిన్నది. వారం కింద వేయించిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ సంగతి కూడా దాచకండి. స్టెరాయిడ్‌తో పాటు నొప్పి మందులు పడితే కడుపులో పుండ్లు పడతాయి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులైతే మత్తు నుంచి లేచేటప్పుడు ఊపిరికి ఇబ్బంది వస్తుంది, వాటికి ఆ ఏర్పాట్లున్న చోటే చేయించండి.

4. ముందు రోజు, ఆ రోజు ఉదయం

ముందు రోజు రాత్రి భోజనం తర్వాత తిండి ఆపండి. నీళ్లు మాత్రం సాధారణంగా ఉదయం దాకా ఉంచొచ్చు. మూడు నెలల లోపు పిల్లలు, చక్కెర జబ్బున్న కుక్కలు ఈ లెక్కలోకి రావు, వాటిని అంతసేపు ఖాళీ కడుపుతో ఉంచితే చక్కెర పడిపోతుంది. గంటలు డాక్టర్‌నే అడగండి. ఇంట్లో ఎవరో ఒకరు జాలిపడి బిస్కెట్ వేస్తారు, అందరికీ ముందే చెప్పి ఉంచండి. తిన్నదని తెలిస్తే దాచకుండా చెప్పండి. వాయిదా పడుతుంది, అంతే. దాస్తే మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అత్యవసరం కాకపోతే ముందు రోజు స్నానం చేయించండి, తర్వాత రెండు వారాలు కుదరదు. ఆ రోజు ఉదయం పట్టీతో నడిపించి మల మూత్రాలు పోయించండి.

5. మొదటి రాత్రి

గాలి తగలని, నేల జారని చోట, ఎత్తు లేని పడక వేయండి. మంచం మీద, సోఫా మీద వద్దు, మత్తులో దూకి పడుతుంది. వణకడం, సన్నగా ఏడవడం, తూలడం మామూలే. నాలుగైదు గంటలు గడిచి, నిలబడగలుగుతున్నప్పుడు కొంచెం నీళ్లు, అవి నిలిస్తే రోజూ తినే తిండిలో పావు వంతు. పేగులకో కడుపుకో ఆపరేషన్ జరిగితే ఈ లెక్క వర్తించదు, డాక్టర్ చెప్పిందే పెట్టండి.

పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మనం వేసుకునే మాత్రలు ఇవ్వకండి. ఐబుప్రోఫెన్ కుక్క కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తుంది. నొప్పి ఎక్కువనిపిస్తే ఫోన్ చేయండి, డోసు మీరే పెంచకండి.

చిగుళ్లు పాలిపోతున్నా, లేపినా లేవకపోయినా, కుట్ల నుంచి రక్తం చుక్కలుగా ఆగకుండా పడుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు.

6. ఇంట్లో రెండు వారాలు

కోన్ తీయకండి. ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే దీన్ని పాటించండి. "పాపం, నిద్రపోయేటప్పుడైనా తీద్దాం" అనుకుంటారు. నిద్రలోంచి లేచి కుట్లు లాగేయడానికి దానికి కొద్ది నిమిషాలు చాలు. కుక్క నాలుక గాయాన్ని శుభ్రం చేస్తుందన్న నమ్మకం వదిలేయండి, నాకుడుతో సూక్ష్మజీవులు చేరతాయి, కుట్లు తడిసి విడతాయి. కోన్‌తో తినలేకపోతే గిన్నెను ఎత్తుగా పెట్టండి, లేదా మీరు పక్కనే కూర్చుని తినేంతసేపు తీసి వెంటనే తొడగండి. కోన్ అస్సలు పడనివాటికి పొట్ట కోతలైతే ఒంటికి బిగుతుగా ఉండే ఆపరేషన్ సూట్ పనికొస్తుంది. కాలి మీది కోతలకు పనికిరాదు.

రోజుకు రెండుసార్లు కుట్లు చూడండి. ఒకే వెలుతురులో రోజుకో ఫోటో తీయండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, ఫోటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మొదటి రెండు మూడు రోజులు కొంచెం ఎరుపు, వాపు, అంచుల్లో చుక్క నీరు ఉండొచ్చు. ఆ తర్వాత రోజురోజుకూ తగ్గాలి. తగ్గి మళ్లీ పెరిగినా, వాసన వచ్చినా, చీము కనిపించినా, అంచులు విడినా చూపించండి. కోత కింద మెత్తగా నీటి సంచిలా ఉబ్బితే అది చాలాసార్లు ఎక్కువ కదలడం వల్ల చేరిన ద్రవం. సూదితో పొడవకండి, ఫోటో తీసి డాక్టర్‌కు పంపండి.

గాయం మీద పసుపు వేయకండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ కూడా వద్దు, వాటితో మానుతున్న కణాలు చనిపోతాయి. పొడిగా ఉంచడమే చికిత్స. మురికి అంటితే సెలైన్‌లో తడిపిన గాజ్‌తో అద్దండి, రుద్దకండి.

నడక పట్టీతోనే, మల మూత్రాలకు మాత్రమే. నాలుగో రోజుకల్లా కుక్క పూర్తిగా కోలుకున్నట్టు గెంతుతుంది. పైన చర్మం అతుక్కున్నా లోపలి కండరానికి ఇంకా బలం రాలేదు. మోకాలి ప్లేటు వేసిన కుక్కకు ఈ కట్టడి దాదాపు ఎనిమిది వారాలు, ఎక్స్‌రేలో ఎముక అతికిందని చూశాకే సడలించాలి.

రెండు మూడు రోజులు మలం రాకపోవడం మామూలే, ఉపవాసం ఉంది, నొప్పి మందులు పడ్డాయి. మూత్రం మాత్రం 24 గంటల్లో రావాలి. యాంటీబయాటిక్స్ ఇచ్చి ఉంటే కుక్క హుషారుగా ఉందని మధ్యలో ఆపకండి.

7. పేగు ఆపరేషన్ జరిగితే మూడు నుంచి ఐదో రోజు

దీన్ని విడిగా రాయాలి. పేగు కోసి కుట్టిన కుక్క రెండు రోజులు బాగుండి, మూడో రోజు నుంచి డీలా పడితే పేగు కుట్టు కారుతోందేమో అనుమానించాలి. మళ్లీ వాంతులు, తిండి మానడం, జ్వరం, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం దాని గుర్తులు. బయట కుట్లు ఎంతో నీటుగా ఉంటాయి, అవి చూసి మోసపోకండి. ఆ మూడు రోజులు ఉదయం, సాయంత్రం జ్వరం చూసి పుస్తకంలో రాయండి. 39.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, 37.5 కంటే దిగినా వెంటనే వెళ్లండి.

8. కుట్లు విప్పేటప్పుడు

సాధారణంగా 10 నుంచి 14 రోజులకు విప్పుతారు. కత్తెర తీసుకుని ఇంట్లో విప్పకండి. మధ్యలో ఒకటి విడితే లోపలి పొర పరిస్థితి మీకు కనబడదు. లోపల కరిగిపోయే కుట్లు వేసినా ఒకసారి చూపించాలి. విప్పిన రోజే కోన్ పారేయకుండా మరో రెండు రోజులు ఉంచండి, కుట్లు తీసిన చోట దురద పెడుతుంది.

ఆ రోజు డాక్టర్ దగ్గర ఇవి తేల్చుకుని రండి: బయాప్సీ లేదా రాయి రిపోర్టు వచ్చిందా, మళ్లీ ఎప్పుడు చూపించాలి, మామూలు నడక ఎప్పటి నుంచి. వృషణాలు తీయించిన మగకుక్కను ఇంకో నెల దాకా ఎదలో ఉన్న ఆడకుక్కకు దూరంగా ఉంచండి, నాళాల్లో మిగిలిన వీర్యంతో పిల్లలు పడొచ్చు. లిగమెంట్ తెగిన కుక్కలైతే బరువు చూసి రాసుకోండి. చాలావాటికి తర్వాత రెండో మోకాలు కూడా తెగుతుంది, దాన్ని కాపాడటానికి మీ చేతిలో ఉన్నది తిండి కొలతే.